తొమ్మిది కావచ్చులు

అక్క చేతిలో రిపోర్టు, చెల్లెలి చెవిలో ఫోను, ఆ పక్కన బావ నిట్టూర్పు. పోయిన వారం మనం వాళ్లని వదిలేసి వచ్చింది అక్కడే. అక్కేమో బట్టలు కుడుతుంది, సొంత దుకాణం, చేతికింద ఇద్దరు. చెల్లెలేమో పెద్దాసుపత్రిలో స్కానింగ్ బొమ్మలు చూసి ఏ రోగమో చెప్పే డాక్టరు. ఎన్ని మందులు మింగినా తగ్గని దగ్గుకు అక్క ఛాతీకి స్కాన్ తీస్తే, కుడి ఊపిరితిత్తి అడుగున ఒక మచ్చ బయటపడింది. ఆ మచ్చ ఏమిటో చెప్పడానికి రిపోర్టు వచ్చింది. వచ్చి ఏం లాభం? చదివిన ముగ్గురికీ మూడు రకాలుగా అర్థమైంది.

రాసింది ఇదీ: ‘కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ ఉండవచ్చు అనిపిస్తోంది. పాత ఇన్‌ఫెక్షన్ గుర్తు కావచ్చు. వాపు కావచ్చు. గడ్డ కావచ్చు. క్యాన్సర్‌ను తోసిపుచ్చలేం. అవసరమనిపిస్తే, వీలునుబట్టి మళ్లీ చూసుకోవడం మంచిది కావచ్చు.’

బావ ‘పాత ఇన్‌ఫెక్షన్ గుర్తు’ దగ్గర ఆగిపోయి, అమ్మయ్య అనుకున్నాడు. అక్క ‘క్యాన్సర్’ దగ్గర ఆగిపోయి, కుట్టాల్సిన జాకెట్లన్నీ ఎవరికి అప్పగించాలా అని ఆలోచనలో పడింది. చెల్లెలు మాత్రం మొదటి నుంచి చివరిదాకా చదివి, మళ్లీ చదివి, పళ్లు పటపటా కొరికింది.

కొరకదా మరి! ఆ ఆసుపత్రిలో ఇలాంటి రాతల మీద యుద్ధం ప్రకటించిందే ఆవిడ. రెండేళ్ల క్రితం యాజమాన్యం ముందు నిలబడి, ‘మన రిపోర్టులు గోడమీద పిల్లుల్లా ఉంటున్నాయి, రోగి ఎటు దూకాలో తెలియక చస్తున్నాడు’ అని వాదించి, లెక్కల మిషను పెట్టించింది. మిషను అంటే కంప్యూటర్లో ఒక ఏర్పాటు. ప్రతి రిపోర్టులోనూ నాన్చుడు మాటలెన్నో అది లెక్కబెడుతుంది. తక్కువుంటే పచ్చరంగు, ఎక్కువుంటే ఎరుపు. ఎరుపు పడిన రిపోర్టు నేరుగా డాక్టరమ్మ దగ్గరికొస్తుంది, ఆవిడ దిద్ది పంపుతుంది. అందరూ వెనకాల ‘కావచ్చుల కరణం’ అని నవ్వుకునేవాళ్లు. నవ్వితే నవ్వారు, రంగు మాత్రం ఏటికేడూ పచ్చబడుతూ వచ్చింది.

అలాంటి ఆవిడ సొంత అక్కకి, అదే ఆసుపత్రిలో, ఇలాంటి రిపోర్టు! ఆవిడ నిన్నంతా సెలవులో ఉండబట్టి, తొందరని ఎవరో ఎరుపు గుర్తుతోనే, దిద్దకుండా పంపేశారు. ఒళ్లు మండిపోయిందంటే మండదూ?

పొద్దున్నే వచ్చేసరికి స్కానింగ్ విభాగం ముందు వరండాలో, ఇనప కుర్చీల వరసలో అక్కా బావా కూర్చుని ఉన్నారు. అక్క మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. దుకాణం నుంచి నేరుగా వచ్చేసినట్టుంది, తీయడం మరిచిపోయింది.

“రావే పొట్టీ,” అంది అక్క. ఇంట్లో డాక్టరమ్మ పేరు అదే. ఆసుపత్రిలో అందరికీ మేడమ్ అయినా అక్కకి పొట్టే. “ఈ కాగితం రాసిందెవరే? కొలత చెప్పకుండా గుడ్డ నా మొహాన పడేసి, ‘పొడుగు కావచ్చు, పొట్టి కావచ్చు, నీ ఇష్టం వచ్చినట్టు కుట్టు’ అన్నట్టుంది.”

“ఊరుకోవే,” అన్నాడు బావ. “పాత గుర్తేనని రాశారుగా స్పష్టంగా.”

“ఎక్కడండీ స్పష్టం? దాని కిందే క్యాన్సర్ అని ఉంటే అది కనబళ్లేదా మీకు?”

“అది తోసిపుచ్చలేం అన్నారు. అంటే లేదనేగా!”

“తోసిపుచ్చలేం అంటే ఉందనేగా!”

ఇద్దరూ ఒక్కసారే డాక్టరమ్మ వైపు తిరిగారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఏం చెబుతుంది? ఆ మాటకి అర్థం రాసినాయనకైనా తెలుసో లేదో.

అంతలో ఫోను మోగింది. ఆపరేషన్ చేయాల్సిన సర్జన్. ఆయనకి నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఉండవు.

“మేడమ్, మీ అక్కగారి రిపోర్టు చూశాను. చూశానంటే చూశానంతే, ఏమీ అర్థం కాలేదు. సూదిపెట్టి ముక్క తీసి చూద్దామంటే, పక్కనే పెద్ద రక్తనాళం ఉంది, కుదరదు. ఇక రెండే దారులు. పక్క కోసి ఆ భాగం తీసేయడం, లేదా ఆగి చూడడం. మంచి ఊపిరితిత్తిని ఊరికే కోస్తే పాపం. చెడ్డదాన్ని వదిలేస్తే అంతకంటే పాపం. మధ్యాహ్నం మా వాళ్లందరం కూర్చుంటున్నాం. నాకు ఒక్క మాట కావాలి. కోయనా, ఆగనా?”

“ఇస్తానండీ,” అంది డాక్టరమ్మ. అనేసిందే గానీ, ఎక్కణ్ణుంచి తెచ్చిస్తుంది?

రాసినాయన ఎవరో ఆవిడకి కాగితం తిప్పకముందే తెలుసు. ఆ విభాగంలో అందరికంటే పెద్దాయన. బొమ్మ చదవడం ఆవిడకి నేర్పిందీ ఆయనే. చదవడంలో దిట్ట, రాయడంలో నాన్చుడు. ‘ఎండ కాస్తోందా సార్’ అంటే కిటికీలోంచి చూసి కూడా ‘కాస్తుండవచ్చు’ అంటాడని చిన్న డాక్టర్లు జోకులేసుకునేవాళ్లు. ఆయన్ని అందరూ కావచ్చుగారు అనేవాళ్లు, ఆయన ముందు తప్ప.

బొమ్మలు చదివే గదిలో పగలైనా రాత్రే. కిటికీలకి నల్లతెరలు, లోపల కంప్యూటర్ తెరల వెలుగు తప్ప దీపముండదు. పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని ఎవరిదో మోకాలు చూస్తున్నాడు. డాక్టరమ్మ తలుపు వేసింది. మామూలుగా వేయలేదు, ధడాలున వేసింది.

“సార్, మా అక్క రిపోర్టు మీరే రాశారా?”

“మీ అక్కా?” పెద్దాయన కుర్చీ తిప్పాడు. “కుట్టుపని చేస్తారు, దగ్గు, ఆవిడా? మీ అక్కని నాకు తెలీదమ్మాయ్.”

“తెలిస్తే ఇంకోలా రాసేవారా?”

“ఇంకో రెండు చేర్చేవాణ్ణి.”

ఆయన నవ్వబోయాడు గానీ ఆవిడ మొహం చూసి మానేశాడు.

“నవ్వులాట కాదు సార్. ఏడు వాక్యాలు లేవు రిపోర్టులో, ఏడు అనుమానాలున్నాయి! లెక్కబెట్టాను నేను.”

“ఏడు కాదు. మిషను తొమ్మిదంది. ‘అవసరమనిపిస్తే’నీ, ‘వీలునుబట్టి’నీ వదిలేసినట్టున్నావు. నువ్వు పెట్టించిన మిషనే.”

అదిగో, అక్కడ ఆవిడకి తిక్క రేగింది. ఇన్నాళ్లుగా గురువని, పెద్దవాడని లోపల దాచుకున్నదంతా కట్ట తెగినట్టు బయటికొచ్చింది.

“సార్, నేను మీ దగ్గర పనిచేసిన రోజుల్నుంచీ చూస్తున్నా. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. రేపు ఏదైనా తేడా వస్తే ‘నేను రాశాగా’ అనడానికి అన్నీ ఉండాలి రిపోర్టులో. రోగం ఏదైనా సరే, మీరు మాత్రం తప్పు కాకూడదు. అంతేగా? మీ కావచ్చు మీకు గొడుగు సార్. తడిసేది రోగి. బయట మా బావ సంతోషంగా కూర్చున్నాడు, మా అక్క ఏడవడానికి సిద్ధంగా కూర్చుంది, ఇద్దరూ చదివింది మీ కాగితమే. సర్జన్ ఫోన్ చేసి కోయాలా వద్దా అంటున్నాడు. ఏం చెప్పమంటారు? సగం కోయమని చెప్పనా?”

అదంతా కోపమేనని ఆవిడ అనుకుంది గానీ, అందులో భయం పాలు కూడా తక్కువేం లేదు. అమ్మ పోయాక ఆవిడకి తలదువ్వి జడవేసింది ఆ అక్కే.

పెద్దాయన మోకాలి బొమ్మ మూసేశాడు. పక్క కుర్చీ కాలితో జరిపాడు.

“కూర్చో. తిట్టింది చాల్లే, సగానికి పైగా నిజమే తిట్టావు. ఇప్పుడు మీ అక్క బొమ్మ తెరుస్తా. నువ్వే చూడు. నువ్వే చెప్పు. ఒక్క మాట.”

తెర మీద అక్క ఊపిరితిత్తులు వచ్చాయి. డాక్టరమ్మ వేల బొమ్మలు చూసి ఉంటుంది. ఇంటి మనిషిది చూడడం మాత్రం ఇదే మొదలు. పైనుంచి కిందికి ఒక్కో పొరా దాటుకుంటూ వెళ్లింది. అడుగున, కాలేయం మొదలయ్యే చోటికి కాస్త పైన, అదిగో ఉంది. గుండ్రమంటే గుండ్రం కాదు, అంచు గరుకంటే గరుకూ కాదు. ఒక పక్క నుంచి చూస్తే ఎప్పటిదో మానిపోయిన గాయం. ఇంకో పక్క నుంచి చూస్తే...

మౌసు మీద చెయ్యి ముందుకీ వెనక్కీ పోతూనే ఉంది. పాత గుర్తు అని రాద్దామంటే చెయ్యి రాలేదు. క్యాన్సర్ అని రాద్దామంటే అసలే రాలేదు.

“చెప్పమ్మాయ్,” అన్నాడు పెద్దాయన.

“చూస్తున్నా సార్.”

“చూడు. నేనూ ఇలాగే చూశా.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదేమో, ఎదురు తిట్టడానికైనా పనికొచ్చేది.

“ఈ ఒక్క బొమ్మతో చెప్పలేం,” అని ఎట్టకేలకు ఒప్పుకుంది డాక్టరమ్మ. నోటికి చేదు తగిలినట్టు అయింది. “పాత బొమ్మ ఏదైనా ఉండి, పక్కన పెట్టి పోలిస్తే...”

“చెప్పొచ్చు. రెండేళ్లుగా అలాగే ఉంటే పాత గుర్తు. పెరిగి ఉంటే కాదు. పాతవి లేవని సర్జన్ చీటీలో ఉంది. కంప్యూటర్ని అడిగితే అదీ లేవనే అంది.”

“లేవు సార్. మా అక్క ఆస్పత్రి గడప తొక్కే మనిషి కాదు. ఛాతీకి ఎప్పుడూ స్కాన్ తీయించలేదు.”

“ఛాతీకి,” అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క మాటే పట్టుకున్నాడు. తర్వాత మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. “పద, ఆవిణ్ణే అడుగుదాం.”

బొమ్మలు చదివే డాక్టర్లు రోగి మొహం చూడరు. అది ఎవరూ పెట్టిన నియమం కాదు, అలా నడిచిపోతుందంతే. బొమ్మ వస్తుంది, మాట పోతుంది, మనిషి మధ్యలో ఎక్కడా తగలడు. అలాంటిది పెద్దాయన నల్లతెరల గది నుంచి వరండా వెలుగులోకి వచ్చి, కళ్లు చికిలించుకుంటూ అక్క ముందు నిలబడేసరికి, బల్ల దగ్గర చీటీలు రాసే అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది.

“అమ్మా, నేనేనండీ ఆ కాగితం రాసింది,” అన్నాడాయన.

“మీరా!” అక్క పైనుంచి కిందికి చూసింది. “చూస్తే పెద్దమనిషిలా ఉన్నారు.”

“అక్కా!” అంది డాక్టరమ్మ.

“అననీయమ్మాయ్. నీకంటే మెల్లగానే తిట్టారు.” పెద్దాయన పక్క కుర్చీలో కూర్చున్నాడు. “ఒక్కటి చెప్పండమ్మా. ఛాతీకనే కాదు, ఒంట్లో ఎక్కడికైనా సరే, ఇంతకుముందు స్కాన్ తీయించారా?”

“ఎక్కడికీ లేదండీ,” అన్నాడు బావ.

“ఎందుకు లేదండీ! కిడ్నీలో రాయని మెలికలు తిరిగిపోతే మీరే కదూ తీసుకొచ్చారు, ఇక్కడికే? కడుపుకి తీశారు. పెద్ద గుండ్రం మిషన్లో పడుకోబెట్టి.” అక్క చెల్లెలి వైపు తిరిగింది. “నీకు ఫోన్ చేస్తే ఎత్తితేగా! ఏదో లెక్కల మిషను పెడుతున్నా, ఊపిరాడట్లేదు అన్నావు. మామూలు రోగుల్లాగే వరసలో నిలబడి తీయించుకున్నాం. రాయి దానంతటదే పడిపోయింది, నీకు చెప్పనే చెప్పా.”

చెప్పింది. ‘రాయి పడిపోయిందే పొట్టీ’ అని అక్క నవ్వుతూ చెప్పడం డాక్టరమ్మకి గుర్తుంది. ఎక్కడ తీయించావని మాత్రం తనే అడగలేదు.

పెద్దాయన మొహం వెలిగింది. ఎందుకో డాక్టరమ్మకీ తట్టింది, తట్టగానే తలబాదుకోవాలనిపించింది. కడుపు స్కాన్ మొదలయ్యేది సరిగ్గా కడుపు దగ్గర కాదు, కాస్త పైనుంచి. ఊపిరితిత్తుల అడుగు భాగం నాలుగు పొరలైనా అందులో పడుతుంది. ఆ సంగతి ఈ విభాగంలో పసివాళ్లకి కూడా తెలుసు. కానీ ఛాతీ గురించి వెతికేటప్పుడు కంప్యూటర్ని ఛాతీ బొమ్మలే అడుగుతారు, అది ఛాతీ బొమ్మలే చూపిస్తుంది, లేవంటే లేవనుకుంటారు. పక్కింట్లో ఉన్న మనిషిని వీధిలో లేడని వెతకడం మానేసినట్టు.

“అమ్మా, మీరు ఇక్కడే ఉండండి,” అన్నాడు పెద్దాయన. “ఇప్పుడు మీకు కొలతతో సహా చెబుతా.”

మళ్లీ చీకటి గది. కడుపు స్కాన్ తెరిచారు. పై పొరలు. అప్పుడు స్కానింగ్ మిషను నడిపినవాళ్ల చేతికి దణ్ణం పెట్టాలి, రెండు వేళ్ల మేర పైనుంచే మొదలుపెట్టారు. మచ్చ అక్కడుంది. మొత్తం పడింది. చిన్నగా, బుద్ధిగా కూర్చుని ఉంది.

డాక్టరమ్మ కుర్చీ తెర దగ్గరికి లాక్కుంది.

“నువ్వు కొలువు, నేను అటు తిరుగుతా,” అన్నాడు పెద్దాయన. “తర్వాత నేను కొలుస్తా, నువ్వు చూడకు. రెండూ ఒక్కటైతేనే మాట్లాడదాం.”

ఇది ఆయన నేర్పిన పద్ధతే. ఒకరు కొలిచింది చూస్తే రెండోవాళ్ల చెయ్యి తెలియకుండానే అటే వెళ్తుందని, ఇద్దరూ విడివిడిగా గీత గీయాలని ఆయన పట్టు. ఆవిడ గీసింది, పాతదీ కొత్తదీ. అంకెలు చీటీ మీద వేసి బోర్లించింది. ఆయన గీశాడు. చీటీలు తిప్పారు. వెంట్రుకవాసి తేడా కూడా లేదు.

పెరిగింది. ఉందేమో, లేదేమో అనడానికి వీల్లేకుండా పెరిగింది. రెండేళ్లలో దాదాపు రెట్టింపు.

“ఒక్కటే ఉంది, ఇంకెక్కడా లేదు,” అన్నాడు పెద్దాయన మెల్లగా. “తీసేయొచ్చు. ఇప్పుడే తీసేయాలి. ఇదిగో, నీక్కావలసిన ఒక్క మాట.”

ఆయనే కీబోర్డు దగ్గరికి లాక్కుని రాశాడు: ‘మచ్చ రెండేళ్లలో పెరిగింది. క్యాన్సర్‌గానే భావించి తీసివేయాలి.’ తొమ్మిది కావచ్చులున్న రాత పోయి రెండు వాక్యాలు మిగిలాయి. మిషను పచ్చరంగు చూపించింది. దాన్ని చూసి ఇద్దరిలో ఎవరికీ సంతోషం కలగలేదు.

డాక్టరమ్మ సర్జన్‌కి ఫోన్ చేసి, “కోయండి,” అంది. అట్నుంచి, “థాంక్స్, ఇలా చెబితే ఎంత హాయి,” అని వినబడింది. హాయట! ఆవిడ ఫోను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

ఇక ఆగొచ్చు. ఆగి ఉంటే బాగుండేది. కానీ కోపం అనేది ఒకసారి లేచాక ఎవరో ఒకరి మీద పడితే గానీ కూర్చోదు.

“సార్, ఇది రెండేళ్ల క్రితమే కనబడుతోందిగా. అప్పుడు చదివిన మహానుభావుడు ఎవరు? కళ్లు ఎక్కడ పెట్టుకున్నాడు?”

“వదిలేయమ్మాయ్. జరిగిపోయింది.”

“ఎందుకు వదలాలి?” అని ఆవిడే పాత రిపోర్టు తెరిచింది. ‘కుడి కిడ్నీ నాళంలో చిన్న రాయి. మిగతావి మామూలుగా ఉన్నాయి.’ రెండు వాక్యాలు. శుభ్రంగా, ముచ్చటగా, పచ్చరంగులో. రిపోర్టు ఎన్నిసార్లు మారితే అన్ని రూపాలూ కంప్యూటర్ దాచి ఉంచుతుంది. ముందు రూపం మీద నొక్కింది.

ముందు రూపం పెద్దాయనది. చాంతాడంత ఉంది. కాలేయం కొంచెం పెరిగి ఉండవచ్చు. పిత్తాశయంలో మడ్డి ఉన్నట్టు అనిపించవచ్చు. వెన్నుపూసలు అరిగి ఉండవచ్చు. ఆ చెత్తంతటి మధ్యలో, ఎవరి కంటా పడకుండా దాక్కున్నట్టు, ఒక వాక్యం: ‘కుడి ఊపిరితిత్తి అడుగున పూసంత మచ్చ ఉండవచ్చు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూసుకుంటే మంచిదేమో.’

దాని పక్కన ఎరుపు గుర్తు. ఎరుపు పక్కన, దిద్ది సంతకం చేసినవారి పేరు.

డాక్టరమ్మ తన పేరు చదువుకుంది.

మిషను పెట్టిన మొదటి వారం అది. యాజమాన్యానికి పచ్చరంగు చూపించాలి. ఎరుపు పడిన రిపోర్టులన్నీ ఒక కుప్పగా ముందేసుకుని, బొమ్మ ఒక్కటీ తెరవకుండా, మాటలు మాత్రం చూస్తూ కొట్టేసుకుంటూ పోయింది. ఆ కుప్పలో రోగుల పేర్లు రావు, నంబర్లే వస్తాయి. అడిగింది కిడ్నీ రాయి గురించి కదా, మధ్యలో ఈ ఊపిరితిత్తి గోల ఏమిటని విసుక్కుని ఉంటుంది. తలనొప్పి పోవడానికి తలగడ మార్చినట్టే. మాటలు తగ్గాయి. అనుమానం ఎక్కడికీ పోలేదు, అక్క ఒంట్లో కూర్చుని పెరిగింది.

“మీకు తెలుసా సార్?” అంది.

“ఇందాక మొదటి పొర తెరవగానే గుర్తొచ్చింది.” పెద్దాయన కళ్లజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు. “నిన్నొక్కదాన్నే అనుకోకు. నేను గట్టిగా రాయాల్సింది. ‘మచ్చ ఉంది, ఆరు నెలలకి మళ్లీ తీయండి’ అని రాసి ఉంటే నువ్వు కొట్టేసేదానివి కాదు. పదీ పన్నెండు పనికిమాలినవాటి మధ్య ఒక్క పనికొచ్చేది పడేశాను. పొట్టుతో పాటు గింజా పోయింది. పోదూ మరి?”

ఆవిడకి ఆయన్ని తిట్టాలనిపించలేదు. తిట్టగలిగితే ఎంత సుఖంగా ఉండేదో!

తలుపు తోసుకుని అక్క వచ్చింది. ఉండమన్న చోట ఉండే మనిషా? వెనకాల బావ “లోపలికి రానీరే” అంటూనే ఉన్నాడు, వరండాలోంచి.

“ఇంత చీకట్లో ఏం కనబడుతుందే మీకు?” అని గోడ పట్టుకుని తెర దగ్గరికి వచ్చింది. “చెప్పు. దాచకుండా చెప్పు. తీసేయాలా?”

“తీసేయాలక్కా.”

అక్క తల ఊపింది. పిన్నులు పెదాల మధ్య పట్టుకున్నప్పుడు మూసుకున్నట్టు నోరు బిగించి, కాసేపటికి వదిలింది. “సరే. ఎంతుంది? నీ అంకెలు నాకొద్దు, గుండీల్లో చెప్పు.”

“చొక్కా గుండీ అంత.”

“మరి కిడ్నీ రాయప్పటి బొమ్మలో? అప్పుడూ ఉందా అది?”

అంత సూటి ప్రశ్నకి నాన్చుడు జవాబు ఉండదు. “ఉందక్కా. పాప గౌనుకి కుట్టే పూసంత.”

“ఉందా?” అక్క తెర వైపు, తర్వాత ఇద్దరి మొహాల వైపు చూసింది. “ఉంటే అప్పుడెవరూ చెప్పలేదేం? పూసంత ఉన్నప్పుడే తీసేసేవాళ్లుగా?”

ముందు కదిలింది పెద్దాయన.

“అమ్మా, అప్పుడు చదివినవాళ్లకి కనబడి ఉండకపోవచ్చు. అంత చిన్నది ఒక్కోసారి... పొరల మధ్య దాగిపోయి ఉండవచ్చు...”

ఆయన ఆవిడ వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు. ఇన్నేళ్లలో ఆయన నోట ఎన్నో కావచ్చులు విసుగ్గా విన్నది డాక్టరమ్మ. ఆయన తన కోసం కాక ఇంకొకరి కోసం గొడుగు పట్టడం మాత్రం ఇప్పుడే చూసింది. ఆ గొడుగు కింద నిలబడితే చాలు. అక్కకి ఎప్పటికీ తెలియదు. ఆపరేషన్ అయిపోతుంది, పండగలా ఇంటికి వెళ్లిపోతుంది, ఈ పెద్దాయన చచ్చినా బయటపెట్టడు.

“సార్,” అంది డాక్టరమ్మ. “వద్దు సార్.”

“అమ్మాయ్...”

“అక్కా, కనబడింది. సార్ రాశారు కూడా, ఆరు నెలలకి మళ్లీ చూడాలని. ఆ వాక్యం కొట్టేసింది నేనే. బొమ్మ తెరవలేదు. నీదని తెలీదు.”

అక్క మెడలోని టేపు చివర పట్టుకుని వేలికి చుట్టింది, విప్పింది, మళ్లీ చుట్టింది. తిడుతుందేమో, ఏడుస్తుందేమో, చెంప పగలగొడుతుందేమో అని డాక్టరమ్మ ఎదురుచూసింది. పగలగొడితే బాగుండును అనుకుంది.

“నాదని తెలిస్తే కొట్టేసేదానివి కాదు,” అంది అక్క.

“కాదక్కా. ప్రమాణం.”

“అంటే ఎవరిదో అనుకుని కొట్టేశావు.”

డాక్టరమ్మ తల దించుకుంది.

“ఆ రోజు నువ్వు కొట్టేసింది ఇదొక్కటేనా పొట్టీ?”

“కాదు.”

“మరెన్ని?”

“తెలీదక్కా. ఒక కుప్ప.”

అక్క టేపు మెడలోంచి తీసి, చుట్టలా చుట్టి, చెల్లెలి ముందు బల్ల మీద పెట్టింది.

“నాకంటే నువ్వున్నావు, వెతికి చెప్పావు. వాళ్లకి ఇక్కడ చెల్లెళ్లు లేరుగా. వాళ్లకెవరు చెబుతారే?”